మూడో కంపెనీ

జూన్ 4

తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావకు మోకాలి నొప్పి తగ్గింది, కానీ తగ్గిందని ఒప్పుకుంటే బజారుకు పంపిస్తానని ఒప్పుకోవడం లేదు. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్‌లో అయితే నేను మొదలుపెట్టిన మాట నువ్వు పూర్తి చేస్తావు, నువ్వు మొదలుపెట్టింది నేను కోసేస్తాను, పెట్టేశాక ఏం మాట్లాడుకున్నామో ఇద్దరికీ తెలియదు. ఇది అలా పోగొట్టుకోవడానికి వీల్లేని సంగతి.

మా ఫ్యాక్టరీలో వచ్చే ఏడాది నుంచి చొక్కాల నమూనాలు అట్ట మీద గీసి కత్తిరించడం ఆపేస్తారట. అన్నీ కంప్యూటర్‌లోనే గీయాలి. ఇరవై ఆరేళ్ళు అట్ట మీద కాలర్లు గీసిన చెయ్యి నాది. స్కేలు లేకుండా పావంగుళం చెప్పగలను. ఇప్పుడు సెప్టెంబరు ఆఖర్లో పరీక్ష పెడతారట. నెగ్గినవాళ్ళు నమూనాల గదిలో ఉంటారు, తప్పినవాళ్ళు బొత్తాల గదికి పోతారు. బొత్తాలు కుట్టడం చిన్నపనేం కాదు. కానీ నేను గీయాల్సిన కాలరు ఇంకొకరు గీస్తే దానికి నేను బొత్తాం కుడుతూ కూర్చోవడం నా వల్ల కాదురా.

ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళకు ఆ గీసే ప్రోగ్రాం ఇంటికిస్తారట, సాధన చేసుకోమని. దానికొక దరఖాస్తు. అందులో కంప్యూటర్ ఏ కంపెనీదో రాయడానికి ఒక గడి కూడా ఉంది. అందుకని మొన్న షోరూమ్‌కు వెళ్ళి రెండు చూసొచ్చాను. ఒకటి నీలం గుర్తువాళ్ళది, ఇంకొకటి నక్షత్రం గుర్తువాళ్ళది. నీలంవాళ్ళ పెట్టె అంచులు నున్నగా ఉన్నాయి. నక్షత్రంవాళ్ళ పెట్టెకు పక్క రేకు ముందు పలకతో కలిసేచోట గోరు దూరేంత సందుంది. అదే చొక్కా అయితే అక్కడికక్కడే తిప్పి పంపేదాన్ని.

నువ్వు రోజంతా వాటిని విప్పి బిగించేవాడివి కదా. రెండింట్లో ఏది కొనమంటావో రాయి.

మీ అక్క

*

జూన్ 11

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం షాపులో నిలబడే చదివాను. కూర్చోవడానికి చోటు లేదు. ఉన్న ఒక్క గదిలో బల్లనిండా ఒక పళ్ళ డాక్టరుగారి కంప్యూటర్ పరిచి ఉంది. సాయంత్రానికి బిగించి అప్పజెప్పాను. నా చేతి మీదుగా వెళ్ళినవాటిలో అది మూడు వందల పన్నెండోది.

నువ్వడిగిన దానికి జవాబు. పెట్టె అంచులు చూసి కొనకు. నీది గీతలు గీసే పని కాబట్టి తెర పెద్దదిగా ఉండాలి, మెమరీ ఎక్కువ ఉండాలి. మిగతావి ఎలా ఉన్నా నడుస్తుంది. నీలంవాళ్ళది లోపల అమరిక శుభ్రంగా ఉంటుంది, చప్పుడు చెయ్యదు. కానీ పక్క రేకు మీద చిన్న కాగితం అంటించి ఉంటుంది. అది చిరిగితే గ్యారంటీ పోయినట్టే. రేపు మెమరీ పెంచాలన్నా వాళ్ళ దగ్గరికే మోసుకెళ్ళాలి. నక్షత్రంవాళ్ళది ఎవరైనా విప్పవచ్చు, సామాను ఎక్కడైనా దొరుకుతుంది. ఫ్యాను కాస్త గోల చేస్తుంది. కుట్టుమిషన్ల మధ్య బతికేదానివి, నీకది వినపడను కూడా వినపడదు.

రెండింట్లో ఏదంటే, దగ్గర్లో వాళ్ళ సర్వీసు ఉంటే నీలం తీసుకో. లేకపోతే నక్షత్రం.

మూడోది కూడా ఒకటుంది. నువ్వు రెండింట్లో ఏదని అడిగావు కాబట్టి దాని గురించి రాయను.

బావ మోకాలికి మందు వద్దు, బజారు దగ్గరే మంచి కాఫీ దొరుకుతుందని చెప్పు.

ఇట్లు,
డబ్బాలు బిగించుకునే నీ తమ్ముడు

*

జూన్ 20

తమ్ముడికి దీవెనలు.

కాఫీ మాట పనిచేసింది. మీ బావ రెండుసార్లు వెళ్ళొచ్చారు.

నీ ఉత్తరం పట్టుకుని మళ్ళీ షోరూమ్‌కు వెళ్ళాను. "మూడో కంపెనీ కూడా ఉందటగా, మా తమ్ముడు రాశాడు, అది చూపించండి" అన్నాను. అక్కడ అమ్మే ఆయన కాస్త తికమకపడి, "అలాగేనండీ" అంటూ లోపలి గదిలోంచి ఎర్ర గుర్తున్న పెట్టె ఒకటి తెప్పించి దుమ్ము దులిపాడు. దాన్ని చూడగానే నాకు నచ్చలేదు. ముందు పలక మీద మెరుపు ఎక్కువ. మెరిసే గుడ్డకు కుట్టు నిలవదు. ఈ మూడోది ఎందుకు మంచిదని ఆయన్ను అడిగితే, "మీ తమ్ముడుగారు చెప్పారంటే మంచిదే అయ్యుంటుందండీ" అన్నాడు. అమ్మేవాడు నీ పేరు చెప్పి అమ్ముతున్నాడు, చూశావా నీ పలుకుబడి!

నువ్వు చెప్పేది ఆ ఎర్రదేనా? అయితే దాని మెమరీ ఎంత ఉండాలో, తెర ఎంత ఉండాలో రాయి. పది మంది ఉన్న చోట కాగితం చూసుకుంటూ అడుగుతుంటే నాకు గర్వంగా ఉంటోంది. "ఈవిడకు అన్నీ తెలుసు" అనుకుంటున్నారు. తెలిసింది నాకు కాదని నేను చెప్పడం లేదులే.

"డబ్బాలు బిగించుకునే" అని ఎందుకు రాశావు? ఈమధ్య మరీ వినయం ఎక్కువైంది నీకు.

మీ అక్క

*

జూన్ 26

అక్కకు,

ఎర్రదీ కాదు, పచ్చదీ కాదు. మూడోది అంటే నేను.

పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తున్న తమ్ముణ్ణి పెట్టుకుని, షోరూమ్‌లో దుమ్ము దులిపిన పెట్టెల్లో ఏది మంచిదని ఆ తమ్ముణ్ణే అడిగావు. నేను బుద్ధిగా జవాబు రాశాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, సరే. కానీ పొరుగింటి కూరల్లో ఏది రుచో కూడా నేనే చెప్పాలా?

నీకొకటి గుర్తు చేస్తాను. నువ్వు ఆ ఫ్యాక్టరీలో చేరిన కొత్తల్లో సెలవుకు వచ్చి ఏం చెప్పావు? ఒకే బల్ల మీద, ఒకే గుడ్డతో, ఒకే చెయ్యి కుట్టిన చొక్కాలు రెండు కుప్పలు పోస్తారని, ఒక కుప్పకు ఒక లేబులు, రెండో కుప్పకు ఇంకో లేబులు కుడతారని, ఆ రెండో కుప్ప రెట్టింపు ధరకు పోతుందని కడుపు చెక్కలయ్యేలా నవ్వావు. "లేబులు చూసి కొనేవాడికి కళ్ళు మెడ వెనక ఉన్నట్టు" అన్నది నువ్వే. ఇప్పుడు నీ కళ్ళు ఎక్కడున్నాయి?

నా పని మీద నమ్మకం లేదని సూటిగా రాస్తే సరిపోయేది. మూడు వందల పన్నెండు మంది నమ్మారు. ఒక్కరు నమ్మకపోతే కొంప మునగదు.

నీ తమ్ముడు

*

జూలై 3

ఒరే తమ్ముడూ,

కొంప మునగదని రాసి, అంత పొడుగు ఉత్తరం ఎందుకు రాశావురా?

నీకు కోపం వస్తుందని తెలిసే నేను అసలు సంగతి దాచాను. ఇక దాచి లాభం లేదు. పదకొండేళ్ళ కిందట నువ్వు మొట్టమొదట బిగించిన కంప్యూటర్ మా ఇంటికే పంపించావు. గుమ్మానికి ఎదురుగా బల్ల వేసి పెట్టుకున్నాను. రెండు నెలలు తిరక్కుండా అది మాడువాసన కొట్టి ఆగిపోయింది. నువ్వొచ్చి విప్పి చూసి, "నా పనిలోనే లోపం" అని తలొంచుకుని పట్టుకెళ్ళావు. నువ్వు వీధి మలుపు తిరిగావో లేదో, మేడ మీదుండే మా పెద్దబావగారు మొదలుపెట్టారు. "ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలింది కదమ్మా!" అన్నారు. అప్పట్నుంచి ఈ ఇంట్లో ఏది పాడైనా, గొళ్ళెం ఊడినా, గొడుగు విరిగినా, "మీ తమ్ముడు బిగించాడా?" అంటారు. అందరూ నవ్వుతారు. మీ బావ కూడా ఓసారి నవ్వారు. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నీకు ఎదురు చెప్పే అవకాశం లేని చోట నిన్ను అంటుంటే వినడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. మళ్ళీ నీ చేతి పెట్టె ఈ ఇంటికొచ్చి, ఏ పిల్లి తన్ని అది ఆగిపోయినా, ఆ మాటలు ఇంకో పదకొండేళ్ళు వినాలి. కంపెనీది పాడైతే కంపెనీవాణ్ణి తిడతారు. నిన్ను తిట్టించడం నాకిష్టం లేదు. నమ్మకం లేక కాదురా. తెలిసిందా?

అందుకే నీలంవాళ్ళది ఖాయం చేశాను. ఈ పదిహేనో తేదీన ఇంటికొస్తుంది. ఈలోగా దానికి కవరు కూడా కుట్టేశాను. పోయినసారి దానికి కుట్టింది ఒక్క పొర దూదిదే. ఏ మూలనుంచో దుమ్ము దూరే అది పాడైందేమోనని నా అనుమానం. ఈసారి రెండు పొరలు వేసి, అడుగున ఎలాస్టిక్ పెట్టాను. ముందు మీటకు మాత్రం సందు వదిలాను. చీమ కూడా దూరదు. పగలూ రాత్రీ తొడిగే ఉంచుతాను.

కోపం తగ్గాక రాయి.

మీ అక్క

*

జూలై 7

అక్కా,

ఈ ఉత్తరం అందగానే ఆ కవరు తీసి బీరువాలో పెట్టు. కంప్యూటర్‌కు తొడగకు. నీలానిదైనా, నక్షత్రానిదైనా, ఎవరిదైనా సరే. మామూలు కవరు ఎంచక్కా రాత్రి ఆపేశాక కప్పి, పొద్దున వెయ్యబోయే ముందు తీసెయ్యవచ్చు. నడుస్తుండగా మాత్రం దాని ఒంటి మీద నూలుపోగు కూడా ఉండకూడదు.

ఇది రాయకూడదని పదకొండేళ్ళు అనుకున్నాను. రాయకపోతే ఈ పెట్టె కూడా పోతుంది, నీ పరీక్షా పోతుంది. అందుకని రాస్తున్నాను.

పెట్టె లోపల వేడి పుడుతుంది. వెనకాల ఉన్న ఫ్యాను ఆ వేడిని బయటికి తోస్తుంది. దానికోసమే వెనక అన్ని చిల్లులుంటాయి. అవి మూసుకుపోతే అది తన వేడికి తానే మాడిపోతుంది. అప్పుడు నువ్వు నీలిగళ్ళ గుడ్డతో కుట్టిన కవరు గుర్తుందా? ముందు మీటకు సందు వదిలి, మిగతాదంతా ఒంటికి పట్టేలా కుట్టావు. నీ కొలత ఎప్పుడు తప్పింది గనక! అది కంప్యూటర్‌కు కోటులా పట్టేసింది. పైగా బల్ల గుమ్మానికి ఎదురుగా ఉండి, వచ్చేవాళ్ళకు పెట్టె వెనక భాగం కనిపించేది కాబట్టి, అక్కడ ఇంకో గుడ్డ వేసి ఎర్రదారంతో "మా తమ్ముడు చేసింది" అని కుట్టావు. ఆ అక్షరాలు సరిగ్గా ఫ్యాను మీదికి వచ్చాయి.

నేను విప్పిన రోజున లోపల దూదిపోగులు చిల్లులనిండా ఉన్నాయి. కవరు లోపలివైపు, అక్షరాల వెనక, గుడ్డ గోధుమరంగుకు తిరిగింది. నువ్వు పక్కనే నిలబడి, "ఏమైందిరా?" అన్నావు. వచ్చిన ప్రతివాళ్ళనీ గుమ్మంలోనే ఆపి ఆ అక్షరాలు చూపించేదానివని బావ అంతకుముందే చెప్పాడు. ఇక నేనేం చెప్పను? "నా పనిలోనే లోపం" అన్నాను. నిజానికి కొంత లోపం నాది కూడా. కంప్యూటర్‌కు కవరు కుట్టవద్దని కుట్టుపని చేసే అక్కకు చెప్పకుండా పంపించడం లోపం కాదా?

ఆ కవరు నా దగ్గరే ఉంది. షాపులో నా కుర్చీ వెనక తగిలించుకున్నాను. ఎవరైనా అడిగితే చెమట పట్టకుండా అని చెబుతాను.

దీనికి నువ్వు బాధపడితే నేను రాసినందుకు బాధపడతాను. నీలంది మంచిదే, తీసుకో.

నీ తమ్ముడు

*

జూలై 13

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ఒక పూట ఎవరితోనూ మాట్లాడలేదు. మీ బావ భయపడి అడగకుండానే బజారుకు వెళ్ళొచ్చారు.

ఎవరడిగారురా నిన్ను నా తప్పు మొయ్యమని? పదకొండేళ్ళు! నా తమ్ముణ్ణి అన్నారని నేను ఇక్కడ మింగలేక కక్కలేక కూర్చుంటే, తప్పు నాదని నీకు తెలిసి కూడా నోరు మెదపలేదు. ముందు నీ మీద పట్టరానంత కోపమొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత, నీతో అబద్ధమెందుకు, గర్వమొచ్చింది. ఇలాంటి తమ్ముడు ఈ వీధిలో ఎవరికున్నాడో చూపించమను.

నిన్న మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు నీ ఉత్తరం మొత్తం పైకి చదివాను. మా పెద్దబావగారు చెయ్యి కడుక్కోబోతుంటే, "కూర్చోండి బావగారూ, ఇంకా అయిపోలేదు" అని ఆపి మరీ చదివాను. అయ్యాక, "మీ తమ్ముడు బిగించాడా అని పదకొండేళ్ళుగా అడుగుతున్నారు కదా. వాడు బిగించింది బాగానే ఉంది, నేను తొడిగిందే పాడుచేసింది" అన్నాను. ఆయన కంచం పక్కకు జరిపి, "మాకేం తెలుసమ్మా, ఆ కుర్రాడు చెప్పాలి కదా" అన్నారు. నీకు నలభై మూడేళ్ళు వచ్చాయని ఆయనకు ఇంకా తెలిసినట్టు లేదు.

ఇంకో తంటా ఉంది. ఈ వీధిలో నేను నాలుగు ఇళ్ళకు కంప్యూటర్ కవర్లు కుట్టిచ్చాను. ఇల్లిల్లూ తిరిగి విప్పించి వచ్చాను. ఎదురింటి టీచరుగారు, "మా పెట్టె అందుకేనా మధ్యమధ్యలో నిద్రపోతోంది!" అన్నారు. నా నైపుణ్యం ఇంత మందిని ఇబ్బంది పెట్టిందని నాకిప్పుడే తెలిసింది.

షోరూమ్‌కు వెళ్ళి నీలంది వద్దని చెప్పాను. "మూడో కంపెనీ దొరికిందాండీ?" అన్నాడాయన. దొరికిందన్నాను.

ఇక నా ఆర్డరు రాసుకో. పెద్ద తెర. నువ్వు చెప్పినంత మెమరీ. ఫ్యాను ఎంత చప్పుడు చేసినా ఫరవాలేదు, అది తిరుగుతోందని నాకు తెలియాలి. అట్ట మీద పరీక్ష పెడితే కళ్ళు మూసుకుని నెగ్గుతాను, తెర మీద నాకు ఇప్పటిదాకా గీత గీయడం కూడా రాదు. ఉన్నది రెండున్నర నెలలు. ఈ పరీక్ష నేను నీ కంప్యూటర్ మీదే నెగ్గాలి, లేకపోతే లేదు.

ఇంకొకటి. షోరూమ్‌లో పెట్టెలకు ముందు పలక మీద చిన్న గడి ఉండి, కంపెనీల గుర్తులు అందులో ఉన్నాయి. నువ్వు వాడే పెట్టెకు కూడా అలాంటి గడి ఉంటే దాని కొలత పంపు. ఎందుకని అడక్కు. కవరుకు కాదులే.

అక్క

*

ఆగస్టు 2

అక్కకు,

ఇవాళ పొద్దున్నే పార్సిల్ లారీలో పంపించాను. రెండు అట్టపెట్టెలు. పెద్దది తెర, నిలబెట్టే దించాలి. పడుకోబెడితే నా మీద ఒట్టు.

ఇది మూడు వందల పందొమ్మిదోది. ఎప్పుడూ ఒక్క రోజు పట్టే పని దీనికి నాలుగు రోజులు చేశాను. లోపల వైర్లన్నీ పక్కకు దువ్వి కట్టలు కట్టాను. చిన్నప్పుడు నేను చిరిగిన సంచికి కుట్టు వేస్తే, నువ్వు లోపలివైపు తిప్పి చూసి, "లోపలి కుట్టు ఎవరికీ కనపడదని వంకరగా వేస్తావా?" అని నెత్తిన మొట్టేదానివి. ఇప్పటికీ ప్రతి పెట్టె మూసేముందు ఆ మొట్టికాయ గుర్తొస్తుంది. పక్క రేకుకు ఒకే స్క్రూ, చేత్తో తిప్పితే వచ్చేస్తుంది. విప్పి చూడు. లోపలి కుట్టు చూశాక మార్కులెయ్యి.

వెనక గోడకు జానెడు దూరం ఉండాలి. జానెడంటే నీ జానెడు.

దరఖాస్తులో కంపెనీ పేరు దగ్గర "విడిగా బిగించినది" అని రాయి. అందరూ అదే రాస్తారు. ముందు పలక మీద ఖాళీ గడి ఉంది. పొడవు అంగుళంపావు, వెడల్పు అరంగుళం. నేను బిగించిన వాటన్నిటికీ అది ఖాళీగానే ఉంటుంది. అందులో ఏం పెట్టాలో నాకెప్పుడూ తోచలేదు.

నీ తమ్ముడు

*

అక్టోబరు 1

తమ్ముడికి అక్క వెయ్యి దీవెనలు.

నెగ్గాను. పద్నాలుగు మందిలో రెండోదాన్ని. మొదటిదాన్నని రాయాలని చెయ్యి లాగింది, కానీ ఈ కుటుంబంలో పదకొండేళ్ళు నువ్వు ఆడిన అబద్ధం చాలు. కాలరు నమూనా ఇచ్చి అయిదు సైజులకు పెంచమన్నారు. మొదట్లో మౌసు పట్టుకుంటే ఎలక పారిపోతున్నట్టే ఉండేది నాకు. రెండు నెలలు రోజూ తెల్లవారగానే కూర్చున్నాను. నీ పెట్టె ఒక్కరోజు కూడా మొరాయించలేదు. నమూనాల గదిలో కిటికీ పక్క బల్ల నాకే ఇచ్చారు.

లోపలి కుట్టు చూశాను. రేకు విప్పి, మీ బావను టార్చి పట్టుకోమని, మూలమూలా చూశాను. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. నూటికి నూరు. నా చేతి కింద ఇరవై మంది పని నేర్చుకున్నారు, ఇప్పటిదాకా ఎవరికీ నూరు వెయ్యలేదు.

దరఖాస్తు ఇచ్చిన రోజు సంగతి నీకు అప్పుడు రాయలేదు. పరీక్ష తప్పితే నాతోపాటు నీ పేరూ పోతుందని భయపడ్డాను. ఇప్పుడు రాస్తున్నాను. కంపెనీ పేరు అన్న గడిలో నువ్వు చెప్పింది రాయలేదు. "మా తమ్ముడు" అని రాశాను. ప్రోగ్రాం నేర్పడానికి వచ్చిన ఇంజనీరమ్మ అది చదివి, "ఈ కంపెనీ నేనెప్పుడూ వినలేదేనండీ" అంది. "నేను అది పుట్టిన రోజు నుంచీ వింటున్నానమ్మా" అన్నాను. గదంతా నవ్వింది. ఈసారి నేను కూడా నవ్వాను. పరీక్ష రోజున ఆవిడ ఆ కాగితం మళ్ళీ తీసి చూసి, ఇంట్లో కంప్యూటర్ లేని ఇద్దరిని పిలిచి, "మీరు కూడా ఆ కంపెనీదే కొనుక్కోండి" అంది. ఇద్దరూ నీ చిరునామా రాసుకున్నారు. మా పెద్దబావగారు కూడా మేడ దిగి వచ్చి, "మీ తమ్ముణ్ణి మాకూ ఒకటి చెయ్యమనమ్మా" అన్నారు. "మీ ముందు ఇద్దరున్నారు బావగారూ, వరసలో నిలబడాలి" అన్నాను. ఆ మాట అనడానికి నేను పదకొండేళ్ళు ఎదురుచూశాను రా తమ్ముడూ. నోరు తీపెక్కింది.

ఇక ఈ ఉత్తరంతోపాటు పంపినవి. మా ఫ్యాక్టరీలో లేబుళ్ళు నేసే గది ఉంది. అక్కడి మేస్త్రీ నాకు పాత స్నేహితురాలు. ఒక్క లేబులు నెయ్యడం కుదరదట, మిషను ఎక్కించాక కనీసం రెండు వందలైనా దింపాలట. దింపమన్నాను. తెల్ల పట్టీ మీద ఎర్ర అక్షరాలు, "మా తమ్ముడు" అని. ఒకటి నా పెట్టెకు అంటించాను, ముందు పలక మీద, ఫ్యానుకు ఆమడ దూరంలో. మిగతా నూట తొంభై తొమ్మిదీ నీకు.

అందరికీ నేను తమ్ముణ్ణెలా అవుతానని వాదిస్తావు, తెలుసు. చొక్కా మీద పేరున్నవాడు తొడుక్కున్నవాడికి ఏమవుతాడు? నోరు మూసుకుని అంటించు. ఆ పాత కవరు కుర్చీకే ఉండనీ, కానీ అక్షరాలు బయటికి కనపడేలా తిప్పి తగిలించు. ఎవరైనా అడిగితే ఇక చెమటకని చెప్పకు.

లేబులు నువ్వు పంపిన కొలతకే కత్తిరించాను. గడిలో సరిగ్గా కూర్చోకపోతే తప్పు నీ స్కేలుది, నా కత్తెరది కాదు.

మీ అక్క